నౌపడ ఉప్పు ఒంట్లో ఎక్కే రైలు

నౌపడ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి రెండే. తెల్లగా మెరిసే ఉప్పు మడులు, గుణుపురం లైను చీలే జంక్షను. ఈ రెంటినీ ఒక్కచోట చూపించే బొమ్మ కంప్యూటర్లో ఉందంటే మీరు నమ్ముతారా? నేనూ నమ్మలేదు.

మా అక్క కూతురు మూడో నెలతో మా ఇంటికొచ్చింది. థైరాయిడ్ మాత్ర వేసుకోవడం మానేసిందని రెండో రోజుకి గాని తెలీలేదు. ‘‘కడుపుతో ఉన్నోళ్లకి మాత్రలేటి, వేడి చేస్తాది. నౌపడ ఉప్పు తినీవోళ్లకి థైరాయిడ్డేటి?’’ అని మా అత్తగారు కూడా వంతపాడారు. నాకు గుండెల్లో రాయి పడింది. కానీ ఎలా చెప్పను?

బయోటెక్నాలజీ చదువుతున్న మా అమ్మాయి కంప్యూటరు తెరిచింది. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో మినోరు కనెహిసా బృందం 1995లో మొదలుపెట్టిన ‘కెగ్’ అనే సైటట. ఒంట్లో ఏ పదార్థం ఎలా తయారవుతుందో గడులు, బాణాలతో గీసిన పటాలు. ఒకప్పుడు ఇవి లేబరేటరీ గోడల మీద వేలాడేవట. ఇప్పుడు గడి మీద నొక్కితే దాని కథంతా విప్పుకుంటుంది. ‘రియాక్టోమ్’, ‘వికీపాత్‌వేస్’ అని ఇంకా ఉన్నాయి. చివరిదాంట్లో ఏ దేశపు శాస్త్రజ్ఞులైనా పటం గీయొచ్చు, దిద్దొచ్చు. మన ముగ్గులో పక్కింటావిడ ఓ చుక్క కలిపినట్టన్నమాట! చాలావరకు ఇంగ్లీషులోనే ఉండడం మాత్రం నాకు నచ్చలేదు.

థైరాయిడ్ పటం చూస్తే అచ్చం రైల్వే మ్యాపే. రక్తంలోని అయోడిన్ గ్రంథి కణంలోకి ఒక తలుపు గుండా వెళుతుంది. ఒంటరిగా కాదు, రెండు సోడియం కణాలు వెంటబెట్టుకుని తీసుకెళతాయి. సోడియం అంటే మన ఉప్పులోదే! లోపల ‘టి.పి.ఒ.’ అనే స్టేషనులో అయోడిన్ ఒక ప్రొటీనుకి అతుక్కుంటుంది. నాలుగు అయోడిన్లుంటే టి4, మూడుంటే టి3.

‘‘అయోడిన్ కలపని రాళ్లుప్పులో అది బహు తక్కువ నానమ్మా. అయినా చాలామంది ఆడవాళ్లకి చిక్కు ఉప్పుతో కాదు, ఇక్కడ’’ అని మా అమ్మాయి టి.పి.ఒ. గడి మీద వేలు పెట్టింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే పొరబడి దీని మీద పడతాయట. జంక్షను పాడైతే ఎంత సరుకు పంపి ఏం లాభం? మాత్రలో ఉన్నది దారి చివర తయారయ్యే టి4. అంటే పాడైన స్టేషను దాటాక ఎక్కించిన సరుకు.

‘‘మరి లోపల బిడ్డకో?’’ అంది మా అక్క కూతురు మెల్లగా.

మొదటి మూడు నెలలూ బిడ్డ మెదడు పెరగడానికి తల్లి ఇచ్చే హార్మోనే ఆధారం. ఆ మాట వినగానే పిల్ల మొహం పాలిపోయింది.

పటం అందరిదీ ఒకటే. ఎవరి ఒంట్లో ఏముందో చెప్పాల్సింది రక్తపరీక్షే. మర్నాడే టెక్కలి తీసుకెళ్లాం. డాక్టరమ్మ కోప్పడి, పరీక్ష చేయించి, మళ్లీ మాత్ర మొదలుపెట్టింది. పరగడుపున వేసుకోవాలి, కాఫీ అరగంటకి పైగా ఆగాకే. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగ్గంటల ఎడం.

ఇప్పుడు తెల్లారగట్ల గ్లాసుడు నీళ్లు పట్టుకుని పిల్లని లేపేది మా అత్తగారే. కాఫీ డికాషను మాత్రం గంట దాకా ఎవరినీ ముట్టుకోనివ్వరు, నాతో సహా.