పరిచారికల సంఘములు – వారికి జరుగు సన్మానములు



మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో 'నర్సు' అను మాట యిప్పుడు తెలుగు మాటయే. పల్లెలలోని ముసలమ్మలు 'సిస్టరమ్మ' యందురు. సోదరి యను నర్థము గల ఆంగ్లపదమునకు మన 'అమ్మ'ను తగిలించి చుట్టరికము కలుపుకొనిన ఈ తీరు భాషాధ్యాపకుడనగు నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. వ్యాకరణమున కిది పొసగదు గాని, మంచము పట్టిన రోగి మనస్సునకు పొసగును.

ముప్పది యేండ్లకు పైగా బడిలో కావ్యములు, వ్యాకరణము చెప్పినవాడు వైద్యశాలల సంగతి మాటలాడుట యేల యని మీరడుగవచ్చును. నా యొద్ద చదివిన బాలికలలో పెక్కుమంది యీ వృత్తిలోనికి పోయినారు. సిరిసిల్ల మగ్గముల యిండ్లనుండి కొందరు, జగిత్యాల ప్రక్క బీడీలు చుట్టు కుటుంబములనుండి కొందరు, ఉట్నూరు గూడెములనుండి ఒకరిద్దరు. పరీక్షలలో గెలిచిన సంగతి చెప్పినట్లే, తమ సంఘములో జరిగిన సన్మానముల సంగతియు వారు నాకు వచ్చి చెప్పుదురు. ఆ సన్మానములు ఎట్టివి, ఎవరికి జరుగవలసినవి యను విచారము నాకు వారివలననే కలిగినది.

పరిచర్యను ఒక విద్యగా నెంచుట మనకు క్రొత్త కాదు. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు మరల నాలుగు గుణములు విధించినది. అవి ఉపచారము తెలిసియుండుట, నేర్పు, తాను సేవించువానియందు అనురాగము, శుచిత్వము. ఈ మూడవ గుణము చెప్పుచోట మూలములో 'భర్త' యను శబ్దము కలదు. అచట భర్త యనగా పెనిమిటి కాదు. తన సేవ నందుకొను రోగి. సుశ్రుతుడు ఇంకొక మెట్టు పైకి పోయి, రోగిని చూచి యేవగించుకొననివాడును, అలసట యెరుగనివాడును కావలెనని చెప్పినాడు. పుండు కడిగిన చేతులు గలవారికి ఈ మాటలోని బరువు తెలియును. ఇంత చెప్పిన శాస్త్రములే యున్నను, ఆ పరిచారకునకు సభలో నొక పీట వేయు నాచారమును మనవారు ఏర్పరుపలేదు. వైద్యునకు 'వైద్యరాజ' బిరుదము దొరకినది. ప్రక్కన గిన్నె పట్టుకొని నిలిచినవాని పేరు ఏ గ్రంథమునను లేదు.

పరిచర్యకు బడియు, పట్టమును ఏర్పడినది పందొమ్మిదవ శతాబ్దిలో. ఫ్లారెన్సు నైటింగేలు 1820 మే 12న జన్మించినది. 1854లో స్కుటారి సైనిక వైద్యశాలలో రాత్రివేళ దీపము పట్టుకొని తిరిగిన కథ మీరెల్లరు ఎరుగుదురు. ఆ దీపమునకు వచ్చినంత కీర్తి ఆమె రెండవ చేతిలోని లెక్కల పుస్తకమునకు రాలేదు. గాయములకంటె మురికివలనను, అంటురోగములవలనను సైనికు లెక్కువగా చచ్చుచున్నారని ఆమె అంకెలతో నిరూపించినది. 1860లో లండనులోని సెయింటు థామసు వైద్యశాలలో ఆమె పేర శిక్షణాలయము వెలసినది. ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను మన గ్రామముల పారిశుద్ధ్యమును గూర్చి యేండ్ల తరబడి వ్రాసినది. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొరతో ఉత్తరములు నడపి, పొలములకు నీరు కావలెనని వాదించినది. గోదావరి యొడ్డున బ్రతుకు మనకు ఆమె అంత పరాయిది కాదు.

ఇక సంఘముల సంగతి. 1922లో అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయపు నర్సుల శిక్షణాలయమున ఆరుగురు విద్యార్థినులు కూడి 'సిగ్మా థీటా టౌ' యను గౌరవసంఘమును స్థాపించిరి. ఆ మూడక్షరములు మూడు గ్రీకు పదములకు మొదళ్లు: స్టోర్గీ, థార్సోస్, టిమీ, అనగా ప్రేమ, ధైర్యము, గౌరవము. చరకుని నాలుగు గుణముల ప్రక్కన వీనిని పెట్టి చూడుడు. అనురాగము రెంటను గలదు. ధైర్యమును మనవారు విడిగా చెప్పలేదు. శుచిత్వమును వారు చెప్పలేదు. ఎవరి కాలమున ఏది కొరవడినదో దానినే వారు నొక్కి చెప్పుదురు గాబోలు.

ఆ సంఘములో ఎవరు పడిన వారు చేరలేరు. విద్యార్థి పాఠ్యక్రమములో సగము ముగించి యుండవలెను. తరగతిలో నూటికి 35 మంది లెక్కన మొదటి శ్రేణిలో నుండవలెను. అనుభవముచే వన్నెకెక్కిన నర్సులనుగూడ పిలిచి చేర్చుకొందురు. ఒక్కొక్క విద్యాలయమున ఒక్కొక్క శాఖ. ఒక్కొక్క శాఖకు గ్రీకు అక్షరముల పేరు. క్రొత్తవారిని చేర్చుకొను దినమున చిన్న ఉత్సవము జరుగును. పట్టము పుచ్చుకొను నాడు వారు మెడలో ప్రత్యేకమైన త్రాళ్లు ధరింతురు. ఇంతవరకు వట్టి అలంకారమే. నాకు నచ్చిన సంగతి వేరొకటి. 1936లో ఆ సంఘము ఆలిస్ క్రిస్టు మెలోన్ అను ఆమెకు పరిశోధనకై 600 డాలర్లు ఇచ్చినది. నర్సు చేయు పనిని నర్సే పరీక్షించి, ఏది మేలో ఏది కీడో తేల్చవచ్చునని ఒప్పుకొని సొమ్ము చేతిలో పెట్టుట, శాలువ కప్పుటకంటె పెద్ద సన్మానము.

మన దేశములో పుట్టుక వేరు. 1905లో లక్నోలో నర్సుల పర్యవేక్షకురాండ్రు ఒక సంఘముగా కూడిరి. 1908లో శిక్షితులైన నర్సుల సంఘము ఏర్పడినది. 1922లో రెండును కలిసి యొకటైనవి. చూడుడు, అమెరికాలో ఆ ఆరుగురు కూడిన సంవత్సరమే అది. విద్యార్థుల సంఘము 1929లో వెలసినది. ఇందులో చేరుటకు మార్కుల గీత లేదు. నర్సింగు చదువు ప్రతి విద్యార్థియు, పురుషుడైనను స్త్రీయైనను, చేరవచ్చును. అందరిని చేర్చుకొని, పిమ్మట చేసిన పనినిబట్టి గుర్తించుట మన పద్ధతి. ముందే వడగట్టి చేర్చుకొనుట వారి పద్ధతి. మగ్గము గుంటలో కూర్చున్న తండ్రికి పుట్టి, ఇంటిలో దీపము చాలక చదివిన పిల్లకు మొదటి యేట మార్కులు తక్కువగా రావచ్చును. అట్టి పిల్లలను నేను బడిలో చూచినాను. కనుక మన పద్ధతియే నాకు మేలుగా తోచుచున్నది.

ఈ శాఖలలో జరుగు పని యేమి? విద్యార్థులే తమలోనుండి కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకొందురు. ఉపాధ్యాయురాండ్రలో నొకరు సలహా చెప్పుచుందురు. ఉపన్యాసపు పోటీలు, వ్యాసపు పోటీలు, ఆటలు, ఆరోగ్య ప్రదర్శనములు, రక్తదాన శిబిరములు జరుగును. మొదటి యేటివారికి దీపప్రజ్వలనము ముఖ్యమైన ఉత్సవము. ఒక పెద్ద దీపమునుండి ఒక్కొక్కరు తమ దీపము వెలిగించుకొని నైటింగేలు పేర ప్రతిజ్ఞ చేయుదురు. ఆ ప్రతిజ్ఞ నైటింగేలు వ్రాసినది కాదు. 1893లో అమెరికాలోని డిట్రాయిటులో లిస్ట్రా గ్రెటర్ అను ఆమె పెద్దరికమున కూర్చబడినది. రోగి యింటి రహస్యమును బయట పెట్టనను మాట అందు కలదు. పట్టణమున ఇది మర్యాద. పల్లెలో ఇది ప్రాణము. క్షయ యని తెలిసిన కోడలు, పెండ్లి కావలసిన పిల్ల, వీరి సంగతి బావి గట్టు చేరినచో ఏమగునో మీకు వేరుగ చెప్పవలెనా?

ఆ విద్యార్థులు ఒక దినచర్య పుస్తకముగూడ పెట్టుకొందురు. పాఠముల వెలుపల తాము చేసిన సేవ, పాల్గొనిన సభలు అన్నియు తేదీతో వ్రాసి, పెద్దలచే సంతకము చేయించుకొందురు. నా శిష్యురా లొకతె తన పుస్తకము నాకు చూపినది. ఆమె సిరిసిల్ల పిల్ల. సాధనకై ఆదిలాబాదు ఏజెన్సీలోని యొక గూడెమునకు పోయినది. ఒక పుటలో, ఓ.ఆర్.ఎస్. పొట్లము నొక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలుపవలెనని పదునేడిండ్లలో చేసి చూపితినని వ్రాసికొన్నది. ఇంకొక పుటలో, గోండీ మాటలు నలుబది నేర్చుకొంటినని యున్నది. నొప్పి, జ్వరము, నీళ్లు, బిడ్డ, భయపడకుము – ఈ వరుసలో నున్నవా మాటలు. నలుబది మాటలతో కావ్యము చదువలేము గాని, వణకుచున్న తల్లికి ధైర్యము చెప్పవచ్చును.

ఆ గూడెములలో ఇప్పుడు మరియొక పనియు పడినది. సికిల్ సెల్ అను రక్తదోషమును తుడిచివేయుటకై 2023 జులైలో దేశవ్యాప్తమైన కార్యక్రమము మొదలైనది. తల్లిదండ్రు లిరువురును ఆ దోషమును లోలోపల మోయువారైనచో, పుట్టు ప్రతి బిడ్డకు నాలుగింట నొక పాలు ఆ వ్యాధి వచ్చు నవకాశ ముండును. ఈ లెక్కను చదువు రాని దంపతులకు, వారి మనస్సు చెడకుండ, ఒకరి నొకరు నిందించుకొనకుండ తెలుపవలెను. నాలుగు జొన్నకంకులు ముందు పెట్టి తెలిపితినని యా బాలిక వ్రాసినది. నేను పరీక్షకుడనైనచో ఆ యొక్క పుటకే బహుమాన మిత్తును.

పెద్ద సన్మానములును కలవు. అంతర్జాతీయ రెడ్‌క్రాసు సమితి 1912లో నైటింగేలు పతకమును ఏర్పరచి, 1920లో మొదటిసారి యిచ్చినది. రెండేండ్ల కొకసారి లోకమంతటిలో ఏబదిమందికి మించకుండ ఇత్తురు. మన ప్రభుత్వము 1973లో జాతీయ ఫ్లారెన్సు నైటింగేలు పురస్కారమును స్థాపించినది. రాష్ట్రపతి చేతిమీదుగా ఇచ్చుట ఆచారము. పెద్ద వైద్యశాలల నర్సులకే కాక, పల్లె తిరుగు ఏ.ఎన్.ఎమ్.లకును అది దక్కును. ఆ నియమము వ్రాసినవారెవరో గాని, దేశము నెరిగినవారు.

ఇచట నొక మాట కటువుగా చెప్పవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట నేనొక వైద్యశాలలో పదునొకండు దినములు పడియుంటిని. ఒకనాటి రాత్రి రెండవ జామున నా శ్వాస మారుటను కనిపెట్టి, డాక్టరును లేపి పిలిపించి నన్ను నిలిపినది ఒక నర్సు. ఆ వత్సరము మే 12న అచట జరిగిన సభకు నన్ను పిలిచిరి. శాలువలన్నియు వేదిక మీది యతిథుల భుజములకే పోయినవి. నాకును ఒకటి వచ్చినది. ఆమె రాత్రి పని ముగించుకొని, వెనుక వరుసలో గోడ నానుకొని నిలువబడి చప్పట్లు కొట్టినది. నా శాలువ తీసి ఆమె కీయబోతిని. 'వద్దు సారూ, ఇంటికి పోయి పండుకోవాలె' నని నవ్వి వెడలిపోయినది.

సన్మానము నడుగక పనిచేయువారే యెక్కువ గనుక, వెదకి చూచు బాధ్యత సంఘముపై నుండును. ఎవరు పేరు పంపిరో వారినే చూచినచో, కార్యాలయమునకు దగ్గరగా నున్నవారికే పతకము పోవును. రాత్రి పనుల పట్టికను, దినచర్య పుస్తకమును, రోగుల మాటను చూచి యెంచినచో గూడెములోని యామె పేరు పైకి వచ్చును. మరియు, పతకము జీతమునకు బదులు కాదు. మూడు నెలల జీతము నిలిచియున్న ఒప్పంద నర్సుకు పూలదండ వేయుట నాకు పరిహాసమువలె తోచును. 2020 మార్చిలో కరోనా మొదటి దినములలో మన కరీంనగరము కట్టుబాటులోనికి పోయినప్పుడు, జనులు వాకిళ్లలో నిలిచి చప్పట్లు కొట్టిరి, మంచిదే. కాని ఆ నెలలలోనే నర్సులకు ఇండ్లు అద్దెకిచ్చుటకు జంకినవారును మనలో ఉండిరి.

'ఆడివిల్లను రాత్రిపూట దవాఖాన్ల ఎట్ల ఉంచుతం సారూ?' అని ఆ సిరిసిల్ల బాలిక తండ్రి తొలుత నన్నడిగెను. ఆ ప్రశ్నలో మూఢత్వము లేదు, భయము కలదు. సంఘపు శాఖ బలముగా నున్నచోట ఆ భయమునకు జవాబు దొరకును: వసతిగృహమున తలుపు సరిగా పడునా, రాత్రి పనినుండి తోడు ఎవరు వత్తురు, పై యధికారి మాట మీరినచో ఎవరితో చెప్పుకొనవలెను – వీనిని పట్టించుకొనుటయు శాఖ పనియే, ఆటల పోటీలకంటె ముందుగ. ఆయన దీపముల ఉత్సవమునకు వచ్చి, చివరి వరకు కూర్చుండి, తోడి పిల్లల తల్లిదండ్రులతో మాటలాడి పోయెను. ఎవరి వాదమును ఆయనకు అవసరము కాలేదు.

ఇప్పుడు వైద్యకళాశాలలు మన ముంగిటికే వచ్చినవి. ఆదిలాబాదున 2008లో రిమ్సు వెలసినది, కరీంనగరమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. 1947 నాటి నర్సింగు చట్టమునకు బదులుగా 2023లో క్రొత్త చట్టము చేయబడినది. పిల్లలు గలవారు కొన్ని వివరములు గుర్తుంచుకొనుడు. ఏ.ఎన్.ఎమ్. చదువు రెండేండ్లు, జి.ఎన్.ఎమ్. మూడేండ్లు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేండ్లు. మూడింటికిని ఇంటర్మీడియటు కావలెను, బి.ఎస్సీ.కి మాత్రము భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివియుండవలెను. చేరుటకు ముందు ఆ విద్యాలయమునకు గుర్తింపు కలదా యని వ్రాతమూలకముగ తెలిసికొనుడు. అచట విద్యార్థి సంఘపు శాఖ నడుచుచున్నదా యనియు అడుగుడు. సిరిసిల్ల బాలిక చెల్లెలు ఈ యేడు బై.పి.సి. రెండవ వత్సరములో నున్నది. మొన్న తండ్రియే వచ్చి దరఖాస్తు తేదీ యెప్పుడని యడిగి, కాగితముపై వ్రాసికొని పోయెను.