కోరంగి అభయారణ్యము

పుష్య బహుళామావాస్యనాడు చొల్లంగి సంగమమున స్నానము చేయుటకు వేలకొలది జనులు కాకినాడ పరిసరములకు చేరుదురు. గోదావరి యేడు పాయలు కడలిలో కలియు చోటులనెల్ల మునుగు సప్తసాగర యాత్రకు ఇదియే మొదటి తీర్థము. తుల్యభాగ చొల్లంగికడను, ఆత్రేయ కోరంగికడను సాగరము చేరునని పెద్దలు చెప్పుదురు. కాని స్నానము ముగించి మరలిపోవు యాత్రికులలో, ఆ తీరమున పచ్చని ప్రాకారమువలె నిలిచియున్న మడ అడవిని తేరిపార చూచువారెందరు? పుణ్యమునకై వచ్చినవారు ప్రాణరక్షకమగు దానిని చూడకయే పోవుట శోచనీయము.

కోరంగి యను పేరు ఒకప్పుడు బంగాళాఖాతమున నావికులెల్లరు ఎరిగిన పేరు. ఓడల మరమ్మతునకు ఆ రేవు ప్రసిద్ధికెక్కెను. చేరువనున్న తాళ్లరేవు ఓడల నిర్మాణమునకు పేరొందెను. ఈ తీరమునుండి ఓడలెక్కి బర్మాకు బ్రతుకుతెరువు వెదకుకొనుచు పోయిన తెలుగువారిని ఆ దేశమువారు 'కొరంగీ'లనియే పిలిచిరి. కోరంగి ముఖమైన నెరుగని ఉత్తరాంధ్ర కూలీలకును ఆ పేరే అంటుకొనెను. ఇట్టి రేవును సముద్రమే మ్రింగెను. 1789 డిసెంబరులో తుఫానుతో వచ్చిన ఉప్పెన ఊరిని ఊడ్చివేసెను. తిరిగి తలయెత్తిన పట్టణమును 1839 నవంబరులో మరియొక ఉప్పెన నేలమట్టము గావించెను. మృతులను గూర్చి పుస్తకములందు కానవచ్చు పెద్ద పెద్ద అంకెలు ఒకదానితో నొకటి పొసగవు. వానిని మేమిచట వల్లింపము. ఆ రేవునకు పూర్వవైభవము మరల రాలేదనుట మాత్రము నిశ్చయము.

ఆ శిథిల వైభవపు చెంతనే నేడు కోరంగి అభయారణ్యము వెలసియున్నది. 1978 జులైలో ప్రభుత్వము దీనిని వన్యప్రాణుల ఆశ్రయముగా ప్రకటించెను. దివిసీమను ముంచిన 1977 నవంబరు ఉప్పెన జరిగి అప్పటికి ఎనిమిది మాసములు. దీని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి, దాని చీలికలగు కోరంగి, గాడేరు పాయలు, లెక్కకు మిక్కిలియైన ఉప్పుటేరులు దీనిని అల్లుకొనియున్నవి. తూర్పున సముద్రమునకు అడ్డముగా హోప్ దీవి యను సన్నని ఇసుకతిన్నె పది మైళ్ల పొడవున సాగియున్నది. గోదావరి తెచ్చిన ఇసుకతో, ఇంచుమించు గడచిన రెండువందల యేండ్లలో, ప్రకృతియే దీనిని పోసినది. కాకినాడ రేవునకు అలల తాకిడి తగ్గించుచున్నది ఈ తిన్నెయే.

ఇచటికి వచ్చువానికి లభించునదేమి? కాకినాడనుండి యానామునకు పోవు బాటలో, చొల్లంగి చేరువ, అడవిలోనికి కొయ్యపలకల నడవ యొకటి నిర్మింపబడియున్నది. దానిపై బురద కాలికంటకుండ చెట్ల నడుమకు పోవచ్చును. పాటు వేళ, అనగా నీరు వెనుకకు తీసిన వేళ, పోయినయెడల అడవి తన రహస్యమును తానే విప్పి చూపును. మడచెట్టు చుట్టును బురదలోనుండి మేకులవలె వేలకొలది వేళ్లు పైకి పొడుచుకొనివచ్చియుండును. ఊపిరాడని బురదలో బ్రతుకు చెట్టు ఆ వేళ్లతో గాలి పీల్చుకొనుచున్నది. ఉప్పుపొన్న మరియొక మార్గమెన్నుకొన్నది. అది కొమ్మలనుండి, బోదెనుండి వంపు వేళ్లను దింపి, పందిరి గుంజలపై నిలిచినట్లు నిలుచును. దాని గింజ చెట్టుననే మొలకెత్తి, పొడవైన కాడగా పెరిగి, పిమ్మట బురదలో పడి నాటుకొనును. మడ ఆకును నాలుకతో తాకి చూచినచో ఉప్పు తగులును. అక్కరలేని ఉప్పును ఆకులద్వారా వెడలగొట్టుట దాని పద్ధతి. ఇచటనే తిల్లచెట్టును కలదు. దాని పాలు కంటబడిన చూపునకు ప్రమాదము. కావున కొమ్మలు విరుచు అలవాటు గల సందర్శకులు చేతులు కట్టుకొని నడచుట మేలు.

ఓపికతో నిలిచినవానికి జీవులును దర్శనమిచ్చును. బురదపై గంతులిడు చిన్న చేపలు, ఒక డెక్క పెద్దదియు నొకటి చిన్నదియుగా గల పీతలు, కొమ్మనుండి నీట దుముకు లకుముకి పిట్టలు, పైన తిరుగు గరుడపక్షులు సులభముగా కానవచ్చును. చలికాలమున దూరదేశములనుండి వలసపక్షులు దిగును. నీటికుక్కలు గుంపులుగా ఈదుట పడవపై పోవువారికి ఒక్కొక్కప్పుడు కనబడును. చేపలను వేటాడు నీటిపిల్లి మాత్రము రాత్రించరము. దానిని చూడలేదని చింతింప పనిలేదు. బురదపై దాని అడుగుజాడను చూచుటయు నొక భాగ్యమే. శీతకాలపు చివరి రాత్రులలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు హోప్ దీవి యిసుకపై గ్రుడ్లు పెట్టుటకు వచ్చును.

ఇదియంతయు కన్నుల పండువే. అయినను ఈ అడవి వినోదస్థలము మాత్రమే యనుకొనువారు దాని విలువలో వీసమైనను గ్రహింపనివారు. 1999 అక్టోబరులో ఒడిస్సాను ముంచిన మహాతుఫాను పిమ్మట, కేంద్రపాడ జిల్లా గ్రామములను పరిశీలించిన పండితులు, సముద్రమునకును ఊరికిని నడుమ మడ అడవి వెడల్పుగా నిలిచినచోట మరణములు తక్కువగా నున్నవని 2009లో ప్రకటించిరి. వేళ్ల వలలో చిక్కిన కెరటము బలము కోల్పోవును. రెండు పర్యాయములు ఉప్పెనకు బలియైన కోరంగికి ఇంతకన్న వేరు గుణపాఠమేల? పైగా, రాలిన మడ ఆకు కుళ్లి నీటిలో జీవులకు ఆహారమగును. రొయ్యపిల్ల, చేపపిల్ల ఆ వేళ్లమాటున పెరిగి కడలికి పోవును. అడవి పోయిననాడు బెస్తవాని వలయు వట్టిపోవును.

ఇట్టి అడవికి కలిగిన ముప్పు సముద్రమునుండి కాదు, మననుండి. 1990 దశకమున రొయ్యల చెరువుల పిచ్చి తీరమునంతను ఆవరించెను. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీరప్రాంతపు చెరువులపై కఠినమగు తీర్పు చెప్పవలసివచ్చెను. కాకినాడ చెంత ఇళ్లస్థలములకై మడభూమిని చదును చేయుటపై 2020లో పుట్టిన వివాదము జాతీయ హరిత న్యాయస్థానము వరకు పోయెను. పేదలకు ఇండ్లు వలదని ఎవ్వరనగలరు? కాని ఉప్పెనకు అడ్డునిలుచు గోడను కూల్చి, ఆ తావుననే పేదవానికి ఇల్లు కట్టించుట దయ యనిపించుకొనదు.

అంతకన్న నెమ్మదిగా, కంటికి కనబడక వచ్చు ముప్పు మరియొకటి గలదు. మడకు ఉప్పునీరు మాత్రము చాలదు. నది తెచ్చు మంచినీరును, ఒండ్రును కావలయును. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. దానిని నిందించుట కృతఘ్నత. అయినను, ఎగువన కట్టలు పెరిగినకొలది వాని వెనుక ఒండ్రు నిలిచిపోవుచున్నది, వేసవిలో గౌతమి ముఖమున ఉప్పు పెరుగుచున్నది. సముద్రమునకు పోవు ప్రతి చుక్కయు వృథాయని చెప్పుట మనకు అలవాటైపోయినది. ఆ చుక్కతోనే ఈ అడవి బ్రతుకుచున్నదని నీటిలెక్కలు వేయువారు గుర్తింపవలయును.

నిరాశకు మాత్రము తావులేదు. చచ్చిన మడభూమిలో చేప వెన్నెముకయు, దాని కిరువైపుల ముండ్లవలె పిల్లకాలువలును త్రవ్వి, పోటునీరు మరల లోనికి వచ్చి పోవునట్లు చేసి మొక్కలు నాటు పద్ధతిని, స్వామినాథన్ పరిశోధన సంస్థయు అటవీశాఖయు తీరగ్రామములవారి తోడ్పాటుతో ఈ గోదావరి ముఖముననే అమలుపరచి ఫలితములు చూపినవి. నీటికి దారి చూపినచో అడవి తిరిగివచ్చును. ఊరివారిని కాపరులుగా నమ్మినచో అది నిలుచును.

కావున మా విన్నపములు మూడు. ప్రభుత్వమువారు మడ ముఖమునకు వేసవిలోను కొంత నీరు వదలు నియమము చేయవలయును. సందర్శకులవలన వచ్చు రుసుములో ఒక భాగము పడవ నడుపువారికిని, తీరగ్రామములకును ముట్టవలయును. చూడవచ్చువారు ప్లాస్టిక్ సంచులను, పాటల పెట్టెలను ఇంటనే విడిచి రావలయును. పిల్లలను వెంట తీసికొని, పాటు వేళ చూచుకొని, నవంబరు మొదలు ఫిబ్రవరి వరకుగల దినములలో రండు. పలకల నడవపై ఒక గడియ మౌనముగా నిలువుడు. ఓడలు నిండిన రేవు ఏమాయెనో, దాని చెంత ఈ చెట్లేల నిలిచెనో పిల్లలకు చెప్పుడు. చొల్లంగి స్నానఫలమునకు అది కొరత కాదు, దానికి నిండుదనము.