సనదు మనది, డిగ్రీ ఎవరిది?

"మౌల్వీ సాబ్, మావాడు ఫాజిల్ పూర్తి చేశాడు. అది ఎం.ఏ.తో సమానమే కదా?" అని తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. దీనికి సూటిగా జవాబు చెప్పాలంటే ఢిల్లీలో సుప్రీంకోర్టు 2024 నవంబరులో మూడు రోజుల తేడాతో ఇచ్చిన రెండు తీర్పులను తెలుసుకోవాలి. ఒకటి ఉత్తరప్రదేశ్ మదరసాలది, రెండవది అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానిది. పత్రికలు రెండింటినీ వేర్వేరు వార్తలుగా ప్రచురించాయి. మాకు మాత్రం రెండింటిలోనూ ఉన్నది ఒకే ముడి అనిపించింది. చదువు చెప్పే హక్కు ఒకటి, ఆ చదువుకు డిగ్రీ అని ముద్ర వేసే అధికారం మరొకటి. ఈ తేడా మన సమాజంలో చాలామందికి తెలియదు.

మొదట మదరసాల సంగతి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2004లో మదరసా విద్యా బోర్డు చట్టం చేసింది. ఆ బోర్డు మున్షీ, మౌల్వీలను పదవ తరగతి స్థాయిలోనూ, ఆలిమ్‌ను ఇంటర్మీడియట్ స్థాయిలోనూ, కామిల్‌ను బి.ఏ. స్థాయిలోనూ, ఫాజిల్‌ను ఎం.ఏ. స్థాయిలోనూ ఉంచి పరీక్షలు జరిపింది. (ఈ పేర్ల క్రమం అన్ని మదరసాలలోనూ ఒకటి కాదని పాఠకులు గమనించాలి.) 2024 మార్చి 22న అలహాబాదు హైకోర్టు ఆ చట్టం మొత్తం లౌకికవాదానికి విరుద్ధమని కొట్టివేసింది. పిల్లలను మామూలు పాఠశాలల్లో చేర్పించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. సుమారు 17 లక్షల మంది విద్యార్థుల భవిష్యత్తు ఒక్కరోజులో ప్రశ్నార్థకమైంది. రెండు వారాలకే, ఏప్రిల్ 5న, సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది.

నవంబరు 5న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, న్యాయమూర్తులు పార్దీవాలా, మనోజ్ మిశ్రాల ధర్మాసనం తుది తీర్పు చెప్పింది. చట్టం చెల్లుతుందన్నది. ఒక చట్టాన్ని కొట్టివేయాలంటే అది ప్రాథమిక హక్కులకు భంగం కలిగించాలి, లేదా దానిని చేసే అధికారం ఆ శాసనసభకు లేకపోవాలి. లౌకికవాదం వంటి మౌలిక సూత్రానికి విరుద్ధమన్న మాట ఒక్కటే చాలదన్నది. మదరసాలో చదివే బిడ్డ కూడా సమాజంలో నిలదొక్కుకుని జీవనోపాధి సంపాదించుకోగలగాలి, అందుకు తగిన ప్రమాణాలు ప్రభుత్వం నిర్ణయించవచ్చు, అయితే ఆ పేరుతో సంస్థ మైనారిటీ స్వభావాన్ని చెరిపివేయరాదన్నది. ఇంతవరకు మనకు ఊరట కలిగించే మాటలే.

కాని ఆ తీర్పే కామిల్, ఫాజిల్ పట్టాల నిబంధనలను మాత్రం రాజ్యాంగ విరుద్ధమని తొలగించింది. కారణం మతం కాదు, 1956 నాటి యు.జి.సి. చట్టం. దాని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం మూడు రకాల సంస్థలకే ఉంది. పార్లమెంటు లేదా శాసనసభ చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయం, డీమ్డ్ విశ్వవిద్యాలయంగా గుర్తింపు పొందిన సంస్థ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ. బోర్డు ఈ మూడింటిలో ఏదీ కాదు. ఉన్నత విద్యా ప్రమాణాలు రాజ్యాంగం కేంద్రానికి అప్పగించిన విషయం గనుక రాష్ట్ర శాసనసభ ఆ గీత దాటరాదని ధర్మాసనం తేల్చింది. 22వ సెక్షన్‌ను ఉల్లంఘించినవారికి చట్టంలో వ్రాసిన జరిమానా వెయ్యి రూపాయల వరకే! 1956లో అది పెద్ద మొత్తమే కావచ్చు. నేడు అసలు జరిమానా కట్టేది సంస్థ కాదు, అక్కడ ఏళ్ల తరబడి చదివిన కుర్రవాడు.

తీర్పులోని తర్కాన్ని మేము కాదనలేము. కాని ఒక్క మాట చెప్పక తప్పదు. ఆ బోర్డును స్థాపించినది రాష్ట్ర చట్టం. పరీక్షలు జరిపినది ఆ చట్టం కిందనే. ప్రభుత్వ ముద్ర ఉన్నది గదా అని నమ్మి చదివిన పేద విద్యార్థి యు.జి.సి. చట్టం తెచ్చి చదువుకుంటాడా? శాసనసభ చేసిన పొరపాటుకు అతడిని శిక్షించకుండా, అతని చదువును ఏదైనా విశ్వవిద్యాలయంతో అనుసంధానించే బాధ్యత ప్రభుత్వానిదేనని మా అభిప్రాయం.

ఇక అలీగఢ్. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అక్కడ నాటిన విద్యాలయం మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలగా ఎదిగింది. దానిని విశ్వవిద్యాలయం చేయాలని ముస్లింలు కోరితే, 30 లక్షల రూపాయలు సేకరించి చూపమన్నది బ్రిటిష్ ప్రభుత్వం. దేశమంతటా చందాలు పోగుచేశారు. 1920లో చట్టం వచ్చింది. కాని 1967లో అజీజ్ బాషా కేసులో సుప్రీంకోర్టు, ఈ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినది ముస్లింలు కాదు, చట్టం అని చెప్పింది. ప్రభుత్వం గుర్తించే డిగ్రీ కావాలంటే చట్టసభ గడప ఎక్కక తప్పదు. ఎక్కితే, అది మీది కాదు పొమ్మన్నట్లయింది. యాభై ఏడేళ్లు ఈ మాటే నిలిచింది.

2024 నవంబరు 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:3 మెజారిటీతో అజీజ్ బాషా తీర్పును తోసిపుచ్చింది. చట్టం ద్వారా విశ్వవిద్యాలయం అయినంత మాత్రాన స్థాపకులు మారిపోరు. ఆలోచన ఎవరిది, ధనం ఎవరిది, ఎవరి ప్రయోజనం కోసం, కార్యరూపం ఇచ్చినది ఎవరు అన్నది చూడాలన్నది. ఈ కొలతతో అలీగఢ్‌ను పరీక్షించి మైనారిటీ సంస్థ అవునో కాదో తేల్చే పనిని మరో ధర్మాసనానికి వదిలింది.

రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవండి. డిగ్రీకి చట్టం కావాలని మొదటిది చెప్పింది. చట్టాన్ని కోరినంత మాత్రాన మీ సంస్థ మీది కాకుండా పోదని రెండవది చెప్పింది. మన పెద్దలు, ధనవంతులు ఆలోచించవలసిన సంగతి ఇక్కడున్నది. ఢిల్లీలో హకీమ్ అబ్దుల్ హమీద్ కృషితో ఏర్పడిన జామియా హమ్‌దర్ద్ 1989లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయ్యింది. దారి మూసుకుపోలేదు. అయితే ఆ దారిలో నడవడానికి జల్సాలు, ఉపన్యాసాలు చాలవు. లెక్కలు, భవనాలు, అర్హులైన అధ్యాపకులు కావాలి.

మన తెలుగు నేల సంగతి చూద్దాం. హైదరాబాదులో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ స్థాపించిన జామియా నిజామియా మొదలుకొని చిన్న పట్టణాల మదరసాల వరకు దర్సె నిజామీ లేదా దానికి దగ్గరి పాఠ్యక్రమం నడుస్తున్నది. (ఈ పేరు హైదరాబాదు నిజాముల వల్ల వచ్చిందని కొందరనుకుంటారు. కాదు, లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరది.) ఈ సనదుల ధార్మిక విలువను ఏ న్యాయస్థానమూ తగ్గించలేదు. మస్జిదులో ఇమామత్‌కు, పాఠం చెప్పడానికి అవి ఎప్పటిలాగే ప్రమాణం. డిగ్రీ అడిగే ఉద్యోగం వద్దకు వెళ్లినప్పుడే చిక్కు వస్తుంది.

ఒకప్పుడు ఈ చిక్కుకు ఇక్కడే ఒక పరిష్కారం ఉండేది. తెలుగు పండితులకు ఆంధ్ర విశ్వవిద్యాలయం భాషాప్రవీణ పరీక్ష జరిపినట్లే, అరబీ పండితులకు మద్రాసు విశ్వవిద్యాలయం అఫ్జలుల్ ఉలమా పరీక్ష జరిపేది. కర్నూలుకు చెందిన డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరు ముందు ఆ బిరుదునే వ్రాసేవారు. మదరసా విద్యను విశ్వవిద్యాలయమే పరీక్షించి తన ముద్ర వేయడంలో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆ పద్ధతిని నేటి విశ్వవిద్యాలయాలు విస్తృతంగా చేపడితే ఎంత బాగుండును!

ప్రస్తుతానికి తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇది. ఆలిమ్ కోర్సు చదువుతుండగానే పిల్లవాడితో ఓపెన్ స్కూల్‌లో పదవ తరగతి, ఆ తరువాత ఇంటర్ స్థాయి వ్రాయించండి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పదవ తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు. ఉర్దూ, తెలుగు మాధ్యమాలున్నాయి. ఆ రెండు సర్టిఫికెట్లు చేతిలో ఉంటే ఏ కళాశాల తలుపైనా తట్టవచ్చు. అవి లేని వారికి హైదరాబాదులోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, అలీగఢ్ విశ్వవిద్యాలయం తాము గుర్తించిన మదరసాల సనదులపై కొన్ని కోర్సులలో ప్రవేశమిస్తూ, బ్రిడ్జి కోర్సులు కూడా నడిపాయి. మీ మదరసా పేరు ఆ జాబితాలో ఉన్నదా లేదా అన్నది మాత్రం చేరేటప్పుడే నాజిమ్ గారిని అడిగి, ఆ ఏటి ప్రకటనలో మీ కళ్లతో చూసుకోండి. ఇందులో మొహమాటం అక్కరలేదు. నాజిమ్ గార్లు కూడా సనదు మీద 'డిగ్రీ' అన్న మాట అచ్చు వేయించకుండా, దానికి ఎక్కడెక్కడ గుర్తింపు ఉన్నదో వెనుక వైపు ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాయించి ఇవ్వాలి.