కల్లంలో కానిది కథలో ముద్దు

ధాన్యాన్ని కుంచంతో కొలిచినన్నాళ్లూ మన పల్లెల్లో "ఒకటి" అనేవారు కారు. "లాభం" అని మొదలుపెట్టేవారు. ఆరు తర్వాత "ఏడు" అనకుండా "ఆరున్నొక్కటి" అని దాటించేవారు. ఏడు అంటే ఏడుపు ధ్వనిస్తుందని శంక. పిల్లవాడు ఏడుపు లంకించుకుంటే "ఆరున్నొక్క రాగం తీశాడు" అనడం కూడా ఈ అంకె చలవే.

విచిత్రమేమంటే, పగలు కల్లంలో నోట పలకని ఆ ఏడే రాత్రి కథలో రాజ్యమేలేది. రాజుగారికి ఏడుగురు కొడుకులు, వారు తెచ్చినవి ఏడు చేపలు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఉండేది ఏడు సముద్రాల అవతల. రాజకుమారి ఏడు మల్లెపూల ఎత్తు. ఆ ఏడు విని భయపడినవారు లేరు.

కథల మీద ఇష్టం అటువంటిది. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలను, 1947లో మొదలైన "చందమామ"లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లను చదివినవారు ఇది జరిగేదేనా అని నిలదీయలేదు. కాశీమజిలీ కథల ఆధారంగా 1951లో "పాతాళభైరవి" వస్తే బండ్లు కట్టుకుని వెళ్లి చూశారు. సినిమా సమీక్ష సంగతీ అంతే. పత్రికలో ఎవరేమి రాసినా, మర్నాడు రచ్చబండ దగ్గర ఎవరి తీర్పు వారిదే. "నాకు నచ్చింది" అన్నవాడితో వాదించి గెలిచినవాడు లేడు.

అంకెల మీద ఇష్టమూ ఇలాగే సాగిపోతోంది. చదివింపులు సున్నతో ముగియరాదని 116, 1116 ఇవ్వడం పరిపాటి. మన సంఖ్యాశాస్త్రం వారు ఎనిమిదిని శనికి అప్పగించారు. చైనాలో అదే ఎనిమిది సిరి తెచ్చే అంకె. అందుకే 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌ను ఎనిమిదో నెల ఎనిమిదో తేదీ రాత్రి 8 గంటలకు ప్రారంభించారు. అంకె ఒకటే, నమ్మకాలు రెండు!

ఇష్టానికి ఖరీదు కట్టే చోటూ ఉంది. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ రవాణా కార్యాలయం వేలంలో 9999 నంబరు రూ.25.5 లక్షలు పలికింది. కలిగినవారి ముచ్చట అది. ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరింది.

చిక్కంతా మట్కాతోనే. కలలో మెదిలిన అంకె, బస్సు టిక్కెట్టు మీది అంకె అదృష్టమని నమ్మి కూలి డబ్బులు కాస్తున్నవారు ఉన్నారు. రెండంకెల పందెంలో 00 నుంచి 99 వరకు 100 సంఖ్యలు. అన్నింటి మీదా తలా రూపాయి వేస్తే పోయేది రూ.100. తగిలేది ఒక్కటే. దానికి బీటరు చేతిలో పెట్టేది రూ.80, మహా అయితే రూ.90. మిగిలిందంతా ఆట నడిపేవాడిదే. ఏ అంకె ఇష్టమైనా ఈ లెక్క మారదు. పైగా 1974 నాటి గేమింగ్ చట్టం కింద ఇది నేరం కూడా.

ఆరున్నొక్కటి అన్నందుకు కల్లంలో గింజ తరగలేదు, పెరగలేదు. కథలో ఏడు సముద్రాలు దాటినందుకు ఎవరి జేబూ ఖాళీ కాలేదు. ఇంటికి ఏడుపు వచ్చేది ఏడు అని పలికినందుకు కాదు, ఏడు మీద కూలి డబ్బు కాసినందుకు.