వేఱొక గదిలోని కంప్యూటరు

మీరు రేడియోలో వార్తలు వినుచున్నప్పుడు చదువువారి కంఠము వెనుక ఏ రొదయు వినరాదు. ఒకప్పుడు స్టూడియోలలో గ్రామఫోను రికార్డులు, టేపు యంత్రములు ఉండెడివి. నేడు పాటలు, ప్రకటనలు, ప్రసారక్రమము చాలవఱకు కంప్యూటరు అధీనములో ఉన్నవి. ఆ కంప్యూటరులోని చిన్న పంకా మనకు వినబడకున్నను మైక్రోఫోనుకు వినబడును. అందుచేత అనేక స్టూడియోలలో కంప్యూటరును వేఱొక గదిలో ఉంచి, తెర, కీబోర్డు, మౌసులను మాత్రమే అనౌన్సరు ముందు అమర్చెదరు. నడుమ గోడలును, ఒక్కొక్కచోట ఎనుబది తొంబది మీటర్ల తీగయును ఉండును. ఆ తీగను గుఱించియే నేడు ముచ్చటింపదలచితిమి. తెర సంగతి వేఱు. దానిని ఇందు తాకము.

తీగ చాలనిచో ఇంకొక ముక్క అతికించిన సరిపోదా అని పాఠకులు అడుగవచ్చును. సరిపోదు. 1996లో తొలుత వెలువడిన యు.ఎస్.బి. పద్ధతిలో తీగ సుమారు 5 మీటర్లు దాటరాదు. మందగతిని పనిచేయు మౌసు, కీబోర్డులకైతే 3 మీటర్లే హద్దు.

దీనికి కారణము తెలియవలెనన్న వాటి సంభాషణారీతి తెలియవలెను. కీబోర్డు తానై ఎన్నడును మాటాడదు. బడిలో మాస్టరుగారు హాజరు పిలిచినట్లు, కంప్యూటరే సెకనుకు వందకు పైగా పర్యాయములు "ఏమైన ఉన్నదా?" అని అడుగుచుండును. మీట నొక్కబడియున్నచో కీబోర్డు ఆ సంగతి చెప్పును. లేనిచో "ఇప్పుడేమియు లేదు" అనును. ఏదో ఒక బదులు మాత్రము గడువులోపల రావలెను. సెకనుకు 120 లక్షల బిట్ల వేగమున పనిచేయు పరికరమునకు ఆ గడువు, సెకనును పదిలక్షల భాగములు చేసినచో, అందు ఒకటిన్నర భాగమునకు మించదు. నూఱు మీటర్ల తీగలో ప్రశ్న పోయి బదులు వచ్చుటకే ఒక భాగము చెల్లును. పరికరము ఆలోచించుకొనుటకు ఇంకొక అరభాగము. బదులు వచ్చుసరికి మాస్టరుగారు గైరుహాజరు వేసియుందురు! మందగతి పరికరములకు గడువు ఎనిమిది రెట్లు ఎక్కువ. కావున వాటి చిక్కు కాలము కాదు, బలము.

ఆ బలము లెక్క చూడుడు. ఇండ్లలో ఇంటర్నెట్టుకు వాడు నెట్‌వర్కు తీగలో ఎనిమిది సన్నని రాగితీగలు నాలుగు జంటలుగా పెనవేయబడి యుండును. (జంటను పెనవేసిన బయటి రొద రెండింటిని సమముగా తాకి తుదకు కొట్టివేయబడునను ఉపాయమునకు గ్రాహంబెల్లు 1881లోనే పేటెంటు పొందెను.) నూఱు మీటర్లలో పోవు తీగకు, వచ్చు తీగకు కలిపి నిరోధము సుమారు 18 ఓములు. పదవ వంతు ఆంపియరు వాడు మౌసుకు 5 వోల్టులలో 1.8 వోల్టు దారిలోనే హరించును. మిగిలినది 3.2. కావలసినది 4.4.

అయినను బజారులో రెండు చిన్న బిళ్లల జత చౌకగా దొరకును. లోపల యంత్రమేమియు లేదు, యు.ఎస్.బి. తీగలను నెట్‌వర్కు తీగకు కలుపుట మాత్రమే. మేమును ఒక పర్యాయము మోసపోతిమి. పరీక్షించిన దినమున మౌసు చక్కగా కదలెను. మఱునాడు ప్రసారవేళ శీతలయంత్రము మొదలైనంతనే బాణపుగుర్తు నిలిచిపోయెను. పాట ముగిసెను, తరువాతి పాట మొదలు కాలేదు. అనౌన్సరు పదునొకండు సెకనులు ఏమో మాటాడి గట్టెక్కించెను. విప్పి చూడగా, సంకేతము మోయు రెండు తీగలను ఒకే జంటలో గాక చెఱియొక జంటలో కలిపియుండిరి. ఇక పెనవేయుట వలన లాభమేమి?

సరియైన సాధనము రెండు పెట్టెల జత. కంప్యూటరు వద్ద ఉండు పెట్టె కీబోర్డు తరపున "ఇప్పుడు లేదు, మరల అడుగుము" అని గడువులోనే బదులు చెప్పుచు, ఈలోపల దూరమున ఉన్న తన జోడీ నుండి నిజమైన సమాధానము తెప్పించుకొనును. మరల అడిగినప్పుడు దానిని అందించును. దూరపు పెట్టెకు ప్రత్యేకముగా విద్యుత్తు ఇచ్చెదరు. కావున మౌసుకు 5 వోల్టులు నిండుగా అందును. ఈ జతలు సాధారణముగా నూఱు మీటర్ల వఱకు పనిచేయును. ఆలస్యము చేతికి తెలియదు.

కొనువారికి ఒక హెచ్చరిక. ఈ పెట్టెల రంధ్రములు ఇంటర్నెట్టు రంధ్రముల వలెనే కనబడును గాని, చాల రకములలో లోపలి భాష వేఱు. వాటిని నెట్‌వర్కు స్విచ్చికి తగిలింపరాదు. ఈ చివరనుండి ఆ చివరకు తీగ తిన్నగా పోవలెను. స్విచ్చి గుండ పోగలవి వేఱుగా కలవు, వెల హెచ్చు. ఒక భవనమునుండి మఱియొక భవనమునకైతే రాగితీగ వలదు. పిడుగుల కాలమున రెండుచోట్ల భూమి వోల్టు ఒకటిగా ఉండదు. అచట గాజుతంతువు వాడు రకమునే కోరవలెను.

మా స్టూడియోలో ఇప్పుడు పెట్టెల జతయే ఉన్నది. అయినను కంప్యూటరు గదిలో పాత కీబోర్డు నొకదానిని నేరుగా తగిలించియే ఉంచితిమి.