విషలోహముల నేలలో మొక్క యెట్లు బ్రతుకును?

ఆస్ట్రేలియాకు తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రమునందున్న న్యూ కాలెడోనియా ద్వీపపు టడవులలో, నికెల్ లోహము మెండుగా గల నేలలయందు, పిక్నాండ్రా అక్యుమినేటా అను నొక వృక్షము పెరుగును; దాని బెరడుపై కత్తితో గాటు పెట్టినచో కారు పాలు, మన మఱ్ఱిపాలవలె తెల్లగా గాక, నీలము కలిసిన పచ్చవన్నెతో నుండును. ఆ పాలను ఎండబెట్టి పరీక్షింపగా నూటికి ఇంచుమించు 25 పాళ్లు నికెలే యని 1976లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇంత విషమును మోయుచు నది చావదేల? జీవకణములోని ప్రోటీనులకు అంటుకొని వాని పని చెఱచుటయే విషలోహముల దుర్గుణము, కనుక ఈ వృక్షము నికెల్‌ను సిట్రిక్ ఆమ్లముతో (మన పులిహోరలోని నిమ్మపులుపే సుమా!) బంధించి, ప్రాణవ్యాపారములకు దూరముగా పాలనాళములలో దాచును.

కాడ్మియము చేరినపుడు సామాన్యముగా మొక్కలు వేఱొక యుపాయము పన్నును: గంధకము గల ఫైటోకెలాటినులు అను చిన్న గొలుసులను అప్పటికప్పుడు అల్లి, లోహమును వానిలో చిక్కించి, కణమునందలి రిక్తిక యను నీటితిత్తిలోనికి నెట్టివేయును. వరివేళ్లకును ఈ నేర్పు కలదు. అయినను కొంత కాడ్మియము తప్పించుకొని గింజకెక్కును. జపానులో జింజు నదీతీరమున, కాడ్మియము కలిసిన గనుల మురికినీటితో పండిన వరిని ఏండ్ల తరబడి తిన్నవారికి ఎముకలు పెళుసెక్కి, ఇతాయి-ఇతాయి యను వ్యాధి కలిగినది.