ఐదు ఆకుల్లో తొలి సంఘం

ఊళ్లోకి ఒక బోధకుడు వస్తాడు. అన్నం పెట్టాలి, పడక చూపించాలి. ఒకరోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజూ ఉండొచ్చు. మూడో రోజు కూడా కదలకపోతే అతను అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారిబత్తెంగా రొట్టె ఇచ్చి పంపాలి. డబ్బు అడిగాడంటే అప్పుడూ అబద్ధ ప్రవక్తే. సుమారు 1,900 ఏళ్ల కిందట ఒక క్రైస్తవ సంఘం తన వాళ్లకు చెప్పుకున్న జాగ్రత్త ఇది.

ఈ మాటలున్న చిన్న గ్రంథం పేరు ‘డిడాఖే’. గ్రీకులో ‘బోధ’ అని అర్థం. మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం తొలినాళ్లలోనో కూర్చారని ఎక్కువమంది పండితుల అంచనా. 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టిక ఇస్తూ, దీన్ని అందులో చేర్చలేదు గానీ కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్లు చదువుకోదగినదన్నాడు. తర్వాత అది కనుమరుగైంది. 1873లో ఫిలోథియోస్ బ్రయెన్నియోస్ అనే గ్రీకు మతాచార్యుడికి కాన్‌స్టాంటినోపుల్‌లోని ఒక మఠ గ్రంథాలయంలో తోలుపత్రాల పుస్తకం ఒకటి దొరికింది. 1056లో లియోన్ అనే లేఖకుడు రాసిన ప్రతి అది. 120 ఆకుల్లో డిడాఖే ఉన్నది ఐదు ఆకుల్లోనే. పదేళ్లకు, 1883లో, అది అచ్చయింది.

డిడాఖే మొదట్లోనే రెండు దారులు చెబుతుంది: బతుకు దారి, చావు దారి. దేవుణ్ణి, పొరుగువాణ్ణి ప్రేమించడం, శపించేవాళ్లను దీవించడం, అడిగినవాడికి ఇవ్వడం బతుకు దారి. అయితే ఎవరికి ఇస్తున్నావో తెలిసేదాకా దానం నీ చేతిలో చెమట పట్టనీ అనే అర్థంలో ఒక హెచ్చరికా ఉంది. బుధ, శుక్రవారాల్లో ఉపవాసం, రోజుకు మూడుసార్లు ప్రభువు నేర్పిన ప్రార్థన. చదువుతుంటే ఆ సంఘం పగలూ రాత్రీ ఎలా గడిపిందో కళ్లకు కడుతుంది.

బాప్తిస్మం పారే నీటిలో ఇవ్వమంటుంది. అది లేకపోతే వేరే నీళ్లు, చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లు. అంత నీరే లేకపోతే తలమీద మూడుసార్లు పోసినా చాలు. ఇక్కడ మన నేల గుర్తొస్తుంది. ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటికి ఈ గ్రంథం దొరికి ఐదేళ్లయింది, అచ్చు కావడానికి ఇంకో ఐదేళ్లుంది. ముంచాలా, చిలకరించాలా అని మన సంఘాలు ఇప్పటికీ వాదించుకుంటాయి. ఆ తొలి సంఘం మాత్రం పారే నీటికే పెద్దపీట వేస్తూనే, నీళ్లు కరువైనవాణ్ణి వెనక్కి పంపలేదు.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ప్రభువు బల్ల దగ్గరి ప్రార్థన. అందులో శరీరం, రక్తం అన్న మాటల్లేవు, సిలువ ప్రస్తావన లేదు. కొండల మీద చెదిరి ఉన్న గింజలు ఒక్క రొట్టె అయినట్టు, నాలుగు దిక్కుల్లో ఉన్న నీ సంఘం ఒక్కటి కావాలని వేడుకోవడం ఉంది. తోటివాడితో తగువున్నవాడు రాజీపడేదాకా ఆ కూడికలో చేరకూడదన్న నియమమూ ఉంది.

అలాగని సిలువ సిద్ధాంతమంతా తర్వాత వచ్చి చేరిందనుకుంటే పొరపాటు. సిలువను నడిమధ్యన నిలిపిన పౌలు పత్రికలు డిడాఖే కంటే పాతవి. తొలినాటి బోధ ఒకే ఊట కాదు, పలు ఊటలు కలిసిన ఏరు. అయినా ఈ ఐదు ఆకులు తిరిగి చేతికొచ్చాక ఒక సంగతి దాటవేయలేం. ఆ సంఘం బోధకుణ్ణి తూచింది అతని మాటల్ని బట్టి మాత్రమే కాదు. ప్రభువు నడతే అతని నడతలో ఉందా అని చూసింది, చెప్పింది తాను చెయ్యనివాణ్ణి అబద్ధ ప్రవక్త అంది. మామూలు విశ్వాసి దగ్గరకొచ్చేసరికి ఎంతో మెత్తబడింది: ప్రభువు కాడి మొత్తం మోయగలిగితే మంచిదే, లేకపోతే చేతనైనంత చెయ్యమంది. బోధించేవాడికి గట్టి కొలత, వినేవాడికి దయగల కొలత. మూలాల్లోకి వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా తిరిగి చేతిలోకి తీసుకోవలసింది ఈ రెండు కొలతల్నే.